నాన్నకి 66. మతిమరుపు జబ్బు రాకుండా ఇప్పుడు మొదలుపెడితే ఫలితం ఉంటుందా?

మీరు అడిగింది ఇది: మీ నాయనమ్మ చివరి నాలుగేళ్ళు మతి తప్పి, కన్నకొడుకునే "ఎవరు నాయనా నువ్వు" అని అడిగేవారు. ఆమెకి సేవ చేసిన మీ నాన్నకి ఇప్పుడు 66. ఆర్టీసీలో రిటైరై తిరుపతిలోనే ఉంటున్నారు. బీపీ, షుగరు ఉన్నాయి. ఈ మధ్య కళ్ళజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కుంటున్నారు, తెలిసినవాళ్ళ పేర్లు వెంటనే తట్టడం లేదు. "అమ్మకి వచ్చిందే నాకూ వస్తుంది" అని రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఏ టానిక్ పంపాలి, సుడోకు పుస్తకాలు కొనివ్వాలా, ఈ వయసులో మొదలుపెడితే ఉపయోగం ఉందా అని బెంగళూరు నుంచి అడుగుతున్నారు.

ఉపయోగం ఉంది. టానిక్ వద్దు. సుడోకు ఆయనకి ఇష్టమైతే ఆడుకోనివ్వండి, దానిమీద ఆశ మాత్రం పెట్టుకోకండి. ముందు పట్టించుకోవలసినవి నాలుగు: బీపీ–షుగరు, చెవులు, నడక, రోజూ మాట్లాడే మనుషులు. మతిని కాపాడే పనులు చాలావరకు మతితో సంబంధం లేనట్టే కనిపిస్తాయి. అందుకే ఇళ్ళల్లో వాటిని వదిలేసి బాదం పప్పు నానబెడుతుంటారు.

తిరుపతిలో ముప్పై ఏళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌గా చూస్తున్నాను. పన్నెండేళ్ళ నుంచి వారంలో ఒక సాయంత్రం మతిమరుపుతో వచ్చే పెద్దవాళ్ళకోసమే ఉంచుకున్నాను. మా అమ్మ కూడా ఇదే జబ్బుతో పోయింది. ఆ సంగతి కిందికి వస్తుంది.

వంశం మాట ముందు తేలుస్తాను, మీ నాన్న నిద్ర చెడగొడుతున్నది అదే కాబట్టి. తల్లికో తండ్రికో వస్తే పిల్లలకి ముప్పు కొంత ఎక్కువే, కాదనను. కానీ రక్తంలో తప్పనిసరిగా దిగే రకం చాలా అరుదు, అది సాధారణంగా అరవై దాటకముందే బయటపడుతుంది. ఎనభై దగ్గర పడ్డాక వచ్చిన మీ నాయనమ్మ జబ్బు ఆ రకం అయ్యే అవకాశం బాగా తక్కువ. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్ళు సుమారు 7.4 శాతం అని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే వందలో తొంభై రెండు మందికి పైగా లేదు. ఈ ముక్క మీ నాన్నకి ఫోన్లో చెప్పండి, ఇవాళే.

ఇక మన చేతిలో ఉన్నవి. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో మార్చుకోగలిగిన 14 కారణాలను లెక్కకట్టింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చెడ్డ కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొగ, ఊబకాయం, అతిగా తాగడం, కదలకపోవడం, దిగులు జబ్బు, తలకి దెబ్బ, ఒంటరితనం, గాలి కాలుష్యం, చూపు మందగించినా పట్టించుకోకపోవడం. ఇవన్నీ లేకుండా చెయ్యగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వెనక్కి నెట్టడమో కుదురుతుందని వాళ్ళ అంచనా. అది జనం మొత్తానికి వేసిన లెక్క. మీ నాన్న ఒక్కరికి ముప్పు 45 శాతం తగ్గుతుందని దానికి అర్థం కాదు.

వయసు మించిపోయిందేమో అన్న సందేహానికి ఫిన్లాండ్‌లో చేసిన, ఫింగర్ అనే పేరున్న అధ్యయనం జవాబు చెప్తుంది. 60 నుంచి 77 ఏళ్ళ మధ్య ఉన్న 1,260 మందిని తీసుకుని, సగంమందికి తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ–షుగరు అదుపు అన్నీ కలిపి రెండేళ్ళు చేయించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మామూలు సలహాలతో వదిలేసినవాళ్ళకంటే వీళ్ళ మెదడు పరీక్షల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. మొదలుపెట్టినప్పుడు వాళ్ళ వయసు మీ నాన్న వయసే.

నివారణకంటే ముందు, ఇప్పుడున్న మరుపు ఏమిటో తేల్చండి. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వేరు, కళ్ళజోడు చేతిలో పెట్టుకుని ఇది దేనికి అని ఆలోచించడం వేరు. పేరు కాసేపటికి తట్టడం వేరు, అదే ప్రశ్న పది నిమిషాల్లో నాలుగుసార్లు అడగడం వేరు. రోజూ పోయే దారి తప్పడం, చిల్లర లెక్క కుదరకపోవడం, ఇరవై ఏళ్ళుగా చేసే వంటలో ఏది ముందు వెయ్యాలో తెలియకపోవడం, ఇలాంటివి ఉంటే చాదస్తం అని కొట్టిపారెయ్యకూడదు. మీరు రాసినదాన్నిబట్టి మీ నాన్న ఇంకా మొదటి కోవలోనే ఉన్నట్టున్నారు. అయినా పరీక్షలు చేయించండి: విటమిన్ బీ12, థైరాయిడ్, సోడియం, హిమోగ్లోబిన్, కిడ్నీ, మూడు నెలల షుగరు.

బీ12 ఎందుకంటే, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే అది తగ్గిపోవచ్చు. రేణిగుంట వైపునుంచి ఒకామెను కూతురు తీసుకొచ్చింది, పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తోందని, చీటీపాట కట్టానో లేదో అని రోజంతా అడుగుతోందని. ఆమె వయసు 64. పదకొండేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది, గుడ్డు, మాంసం ముట్టదు, బీ12 అడుగంటిపోయి ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మూడు నెలలకి ఇంటి పద్దు మళ్ళీ తనే రాసుకుంది. అందరికీ ఇంత బాగా తిరిగిరాదు. కానీ చూడకుండా వదిలేస్తే రావలసినవాళ్ళకి కూడా రాదు.

మందులు కూడా చూడాలి. నేను చీటీ తెమ్మనను, ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తెమ్మంటాను. నిద్రమాత్రలు, దురదకీ జలుబుకీ వాడే మత్తు మాత్రలు, మూత్రం ఆగడానికి వేసుకునే కొన్ని మందులు ముసలి మెదడుని మసకబారుస్తాయి. మీ నాన్న నిద్ర కోసం మందుల షాపులో అడిగి ఏమైనా తెచ్చుకుంటున్నారేమో కనుక్కోండి. చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపించకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

ఇక బీపీ. "నార్మల్‌కొచ్చింది మేడం, ఆపేశాను" అనే మాట నేను వారానికి నాలుగైదుసార్లు వింటాను. నార్మల్‌కి వచ్చింది మాత్ర వల్ల. ఆపితే మళ్ళీ పెరుగుతుంది, పైకి ఏమీ తెలియదు, లోపల మెదడులోని సన్న రక్తనాళాలు దెబ్బతింటూ ఉంటాయి. చిత్తూరులో మామిడి మండీలో లెక్కలు రాసే ఒకాయన రెండేళ్ళు అలాగే మానేశారు. పక్షవాతం లాంటిదేమీ రాలేదు, మనిషి బాగానే తిరుగుతున్నారు. కాకపోతే ఒక సీజనుకి కూడికలు తప్పాయి, కొన్ని నెలలు అలాగే నిలకడగా ఉండి, మరోసారి ఉన్నట్టుండి ఇంకొంచెం తగ్గింది. మెట్లు దిగినట్టు. స్కానింగులో పాత చిన్న చిన్న స్ట్రోకులు అరడజను కనిపించాయి. ఆయనకి అప్పుడు బీపీ అదుపు చేశాం, అక్కడితో ఆగింది. పోయింది తిరిగిరాలేదు.

పై అంకె 130 లోపు ఉండేట్టు చూసుకోవడం చాలామందికి మంచి గురి. అమెరికాలో స్ప్రింట్ మైండ్ అనే పరీక్షలో 140 లోపు ఉంచినవాళ్ళనీ, 120 లోపు ఉంచినవాళ్ళనీ పోల్చారు. 2019లో వచ్చిన ఫలితాల్లో గట్టిగా అదుపు చేసినవాళ్ళలో తొలిదశ మతిమరుపు దాదాపు ఐదో వంతు తక్కువ. పూర్తి డిమెన్షియా విషయంలో మాత్రం తేడా స్పష్టంగా తేలలేదు. అందుకని బలహీనంగా ఉన్న ఎనభై ఏళ్ళ మనిషిని 120కి దించడానికి నేను తాపత్రయపడను. పెద్దవాళ్ళకి కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడాలి. నిలబడగానే బీపీ పడిపోతుంటే మందు ఎక్కువైనట్టు కావచ్చు. షుగరూ అంతే, పెరిగినా ముప్పే, మందు ఎక్కువై మాటిమాటికీ బాగా పడిపోయినా మెదడుకి చేటే. సంగటి తింటే షుగరు పెరగదనే నమ్మకం మన వైపు గట్టిగా ఉంది. రాగి మంచిదే, కానీ రెండు పెద్ద ముద్దలు తింటే పెరుగుతుంది. ఒక చిన్న ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర పప్పో, ఉలవలో, పితికిపప్పో వేసుకోమనండి. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు, అంటే ఒక టీ స్పూను దాటకూడదు. ఊరిబిండి, ఊరగాయ, అప్పడం మూడూ ఒకే పూట పళ్ళెంలో పడితే ఆ లెక్క అక్కడే దాటిపోతుంది. బాదం కొనలేకపోతే బెంగ వద్దు, గుప్పెడు ఉడకబెట్టిన శెనక్కాయలు చాలు. తిండి గురించి ఇంతకంటే రాయను, యూట్యూబులో అందరూ తిండి గురించే చెప్తున్నారు.

చెవుల సంగతి ఎవరూ అడగరు, అందుకే దీనిమీద ఎక్కువ రాస్తున్నాను. లాన్సెట్ లెక్కలో వినికిడి తగ్గడం, చెడ్డ కొలెస్ట్రాల్, ఈ రెండే అన్నిటికంటే పెద్ద వాటాలు, చెరో 7 శాతం. చెవి సరిగా పలకనప్పుడు మెదడు తన సత్తువంతా మాట పట్టుకోవడానికే ఖర్చుపెడుతుంది, ఆ మాట గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు. పైగా సగం సగం వినపడే మనిషి మెల్లగా కబుర్లలోంచి తప్పుకుంటాడు. పెళ్ళికి పోయినా ఓ మూల కుర్చీ చూసుకుంటాడు.

చంద్రగిరి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయనని కొడుకులు తెచ్చారు, చెప్పింది ఒకటి, చేసేది ఒకటి, మతి పోయిందని. నేను ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అడిగితే పదమూడో ఎక్కం గడగడ చెప్పారు. వెనకనుంచి అదే గొంతుతో పేరు పిలిస్తే కదల్లేదు. ఒక చెవిలో గుమిలి గట్టిపడి ఉంది, తీయించాం. పరీక్ష చేయిస్తే రెండు చెవులూ బాగా తగ్గాయి. మిషను పెట్టుకున్న మొదటి వారం "ఫ్యాను చప్పుడే వినిపిస్తోంది, తీసేస్తా" అన్నారు. అది మామూలే. కొన్నేళ్ళుగా వినని చప్పుళ్ళన్నీ ఒక్కసారి వచ్చిపడతాయి. ఇంట్లో, టీవీ కట్టేసి, రోజుకి గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. రెండు నెలలకి ఆయన మనవరాలికి ట్యూషను చెప్తున్నారు. ఆయనకి అసలు జబ్బే లేదు.

మిషను పెట్టుకుంటే డిమెన్షియా రాదు అని నేను చెప్పను. 2023లో వచ్చిన అచీవ్ అనే అధ్యయనంలో వినికిడి తగ్గిన, 70 నుంచి 84 ఏళ్ళ మధ్య ఉన్న 977 మందిని తీసుకుని, దాదాపు సగంమందికి మిషన్లు ఇచ్చి మూడేళ్ళు చూశారు. అందరినీ కలిపి లెక్కేస్తే తేడా రాలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం మిషను పెట్టుకున్నవాళ్ళకి మతి తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. బీపీ, షుగరు ఉన్న మీ నాన్నకి అందుకే చెవుల పరీక్ష చేయించమంటున్నాను. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, తెల్లకార్డు ఉన్న అరవై దాటినవాళ్ళకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి మిషను, కళ్ళజోడు, చేతికర్ర ఉచితంగా ఇస్తారు. ఈ పథకం మొదలైంది మన నెల్లూరులోనే, 2017లో. కంట్లో శుక్లం ఉంటే అది కూడా వాయిదా వెయ్యకండి.

నడక గురించి తిరుపతి వాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. "నెలకోసారి కొండ నడిచి ఎక్కుతాను, ఇంకేం వ్యాయామం" అంటారు. స్వామి మీద భక్తితో ఎక్కండి, దాన్ని వ్యాయామం ఖాతాలో వెయ్యకండి. నెలకి ఒకరోజు మోకాళ్ళు అరిగేదాకా ఎక్కి మిగతా ఇరవై తొమ్మిది రోజులు కూర్చుంటే మెదడుకి ఒరిగేది తక్కువ. గుండె జబ్బు, అదుపులేని బీపీ ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఎక్కకూడదు కూడా. వారానికి 150 నిమిషాలు కావాలి, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. వారంలో రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలిమీద నిలబడడం చేయించండి. పడిపోకుండా కాపాడేది అదే. స్కూటరు వెనక కూర్చున్నా హెల్మెట్ పెట్టుకోమనండి, బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ వేయించండి. తలకి దెబ్బ తగలడం కూడా ఆ పద్నాలుగులో ఉంది. బీడీ, సిగరెట్టు ఉంటే ఏ వయసులో మానినా లాభమే.

ఇప్పుడు మా అమ్మ సంగతి. పెనుమూరు దగ్గర పల్లెలో ఉండేది. రెండు ఆవులు, పాలకేంద్రం లెక్క, కోడళ్ళ తగాదాలు తీర్చడం, ఎవరింట్లో పురుడు, ఎవరికి పెట్టుబడి కావాలి, ఊరి విషయాలన్నీ ఆమె నోట్లో ఉండేవి. అక్షరం రాదు, పదిహేను రోజుల పాల లెక్క నోటితో చెప్పేది. నాన్న పోయాక, 71 ఏళ్ళప్పుడు, ఇంక కష్టపడింది చాలమ్మా అని తిరుపతిలో మూడో అంతస్తు ఫ్లాటుకి తెచ్చుకున్నాను. ఆవుల్ని అమ్మేశాం. వంటమనిషి ఉంది. నేను పొద్దున పోతే రాత్రికి వచ్చేదాన్ని. గిన్నె కడగబోయినా "నువ్వు కూర్చోమ్మా" అనేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఈరోజు ఏ వారమని అడగడం మొదలుపెట్టింది.

జబ్బు నావల్ల వచ్చిందని అనను, వైద్యురాలిగా అది సరైన మాట కాదు. అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) మార్పులు మెదడులో పది పదిహేనేళ్ళ ముందునుంచే మొదలై ఉంటాయి. కానీ ఆమె మెదడు రోజూ చేసే పనంతా ఒక్క నెలలో లాక్కున్నది నేనే. ఆరేళ్ళు ఉంది తర్వాత. తెలిసొచ్చాక పూలు తెప్పించి మాల కట్టించాను, బియ్యం ఏరించాను, సాయంత్రాలు కింద ఇస్త్రీ బండి దగ్గర కూర్చోబెట్టాను, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతుందని. జబ్బు ఆగలేదు. కానీ ఆ పూల మాల కట్టే గంట ఆమె ముఖం పల్లెలో ఉన్నప్పటిలాగే ఉండేది.

అందుకని పెద్దవాళ్ళ చేతిలో పని లాక్కోకండి. మీ నాన్న కరెంటు బిల్లు తనే కట్టనివ్వండి, కూరగాయల బేరం తనే చెయ్యనివ్వండి. మీరు బెంగళూరు నుంచి యాప్‌లో అన్నీ ఆర్డరు పెట్టేస్తే ఆయనకి బయటికిపోయే పనే ఉండదు. ఆర్టీసీలో కలిసి పనిచేసినవాళ్ళు ఊళ్ళో ఉంటారు కదా, వారానికి రెండుసార్లు కలిసే ఏర్పాటు చెయ్యండి. కొత్తది నేర్చుకోవడం ఇంకా మంచిది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో కోలాటం బృందంలో చేరినవాళ్ళకి ఒకే గంటలో నడక, అడుగుల లెక్క, కొత్త పాట, పదిమంది స్నేహం అన్నీ దొరుకుతున్నాయి. సుడోకు ఒంటరిగా కూర్చుని ఆడేది, వచ్చిన విద్యనే మళ్ళీ మళ్ళీ చేసేది.

మన వైపు వాళ్ళకి కలిసొచ్చే సంగతి ఒకటుంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండో భాష కూడా మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. చిత్తూరు వైపు తెలుగూ అరవమూ రెండూ రానివాళ్ళు తక్కువ. మీ నాన్నకి అరవం వస్తే మాట్లాడనివ్వండి, మీ పిల్లలతో కన్నడం నేర్చుకోనివ్వండి. భాష వల్లే ఆలస్యమైందని ఈ ఒక్క అధ్యయనంతో రుజువు కాదు, కానీ నష్టం లేని పని.

టానిక్ ఎందుకు వద్దన్నానంటే, జింకో అనే ఆకు మందుని అమెరికాలో 75 దాటినవాళ్ళని మూడు వేలమందికి పైగా తీసుకుని, సగంమందికి ఏళ్ళపాటు ఇచ్చి చూస్తే 2008లో తేలింది ఏమీ లేదని. లోపం లేనివాళ్ళకి విటమిన్ బి, ఇ మాత్రలు మతి కాపాడుకోవడానికి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ డబ్బుతో ఇంట్లో ఒక బీపీ మిషను కొనండి.

ఇన్ని చేసినా రావచ్చు. రోజూ తెల్లవారుజామున నడిచి, పొగ, మందు ముట్టక, పదిమందిలో తిరిగిన ఒకాయనకి 73లో అల్జీమర్స్ వచ్చింది. ఆయన భార్య నన్ను అడిగింది, మేం ఏం తప్పు చేశామని. ఏ తప్పూ చెయ్యలేదు. వచ్చినవాళ్ళని మీరు నడవలేదు, మీరు తినలేదు అని ఎవరూ అనకూడదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మరుపు నెలల్లో కాకుండా రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి వస్తే, మనిషి తికమకగా మాట్లాడితే, పగలు మత్తుగా ఉంటే, అది అత్యవసరం. మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, స్ట్రోకో కావచ్చు. కొన్ని వారాల క్రితం కింద పడి తలకి తగిలిన దెబ్బకి లోపల రక్తం చేరడమూ కావచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, కానీ గంటలు లెక్క.

మీరు ఈసారి ఊరికి వచ్చినప్పుడు రెండు రోజులు సెలవు పెట్టుకుని రండి. మొదటిరోజు రక్తపరీక్షలు, చెవుల పరీక్ష. రెండోరోజు మందుల సంచితో డాక్టరు దగ్గరికి. రాత్రిపూట ఆయన పక్కన కూర్చుని నాయనమ్మ గురించి అడగండి. నాలుగేళ్ళు ఒంటరిగా సేవ చేసిన మనిషి, ఆ రోజులు ఎలా గడిచాయో ఇప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు. నిద్రలేమి, ఆకలి లేకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అదీ డాక్టరుకి చెప్పండి, దిగులు జబ్బుకి మంచి వైద్యం ఉంది, అది తగ్గితే మరుపు కూడా చాలామందిలో తగ్గుతుంది. బీ12, థైరాయిడ్ అంకెలు వచ్చాక రాయండి, చూసి చెప్తాను.